జాన, మూర, బార

"వార్షికోత్సవ సంచికకు ఏదన్నా రాయండక్కా" అని చెల్లెళ్ళు ఫోన్ చేసినప్పుడు మేము ఎనిమిదిమందిమి ఒకరి మీదికి ఒకరం తోసుకున్నాం. నువ్వు టీచరువు కదా నువ్వు రాయమని ఒకరు, నీకు అన్నీ గుర్తుంటాయి నువ్వే రాయమని ఇంకొకరు. చివరికి అందరం చెప్పేటట్టు, ఒకరు రాసేటట్టు ఒప్పందమైంది. అందుకే ఇందులో ‘నేను’ ఎక్కడా కనిపించదు. 2002 నుంచి 2005 దాకా మన హాస్టల్లో ఉండి, పక్కనే ఉన్న బాలికల హైస్కూల్లో చదువుకుని, హ్యాండ్‌బాల్ ఆడిన మేమే ఉంటాం.

నీళ్ళచారు గురించి, బోరింగు దగ్గర కొట్లాటల గురించి, వార్డెన్ మేడం మంచితనం గురించి పాత సంచికల్లో చాలామంది రాశారు. మేము మా ఒళ్ళ గురించి రాద్దామనుకుంటున్నాం. నవ్వకండి.

మేము ఎనిమిదో తరగతిలో చేరిన ఏడు బడికి కొత్తగా పీఈటీ మేడం వచ్చారు. అప్పటిదాకా మాకు తెలిసిన ఆటలు కబడ్డీ, ఖోఖో. మేడం వచ్చిన వారానికే కాంపౌండు గోడ మీద సుద్దతో 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఒక డబ్బా గీశారు. "ఇది గోల్. దీని ముందర 6 మీటర్ల లోపల గోలీ తప్ప ఎవరూ కాలు పెట్టొద్దు. బయటినుంచే విసరాలె" అన్నారు. అసలు కోర్టు 40 మీటర్ల పొడుగు, 20 మీటర్ల వెడల్పు ఉండాలట. మాకు సగం కూడా లేదు, ఉన్న సగంలోనూ ఒక వేపచెట్టు. జట్టుకు ఏడుగురు. బంతి చేతిలో ఉంటే మూడు అడుగులకు మించి వేయకూడదు, మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు. ఇంతే కదా అనుకున్నాం. బంతి చేతికి వచ్చాక గానీ తెలియలేదు.

ఆ బంతి మగపిల్లల బడి నుంచి అడిగి తెచ్చింది. మూడో నంబరు బంతి, మగవాళ్ళది. చుట్టుకొలత 58 నుంచి 60 సెంటీమీటర్లు, బరువు 425 నుంచి 475 గ్రాములు. మేము దాన్ని కడవను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాం. ఒంటిచేత్తో ఎత్తితే జారి మా నెత్తిమీదే పడేది. మా చేతుల్లో బలం లేదని మేము అనుకుంటే, బంతే మీది కాదని మేడం అన్నారు. ఆడవాళ్ళ ఆటకు రెండో నంబరు బంతి: చుట్టుకొలత 54 నుంచి 56, బరువు 325 నుంచి 375 గ్రాములు. వంద గ్రాములు, నాలుగు సెంటీమీటర్లు. అది తేడానా అనిపిస్తుంది. దసరా సెలవుల తర్వాత ఆ బంతి వచ్చిన రోజు, మాలో ముగ్గురు దాన్ని ఒంటిచేత్తో బోర్లించి పట్టుకోగలిగారు. మిగతావాళ్ళకు వేళ్ళు చాలలేదు.

అప్పుడే మేడం మమ్మల్ని కొలిచారు. టేపు ఉంది గానీ ముందు మన కొలతలతోనే కొలుద్దామన్నారు. బొటనవేలి కొన నుంచి చిటికెన వేలి కొన దాకా జాన. మోచేతి నుంచి వేలి కొన దాకా మూర. రెండు చేతులూ చాపితే ఈ కొన నుంచి ఆ కొనకు బార. జానతో బంతి పట్టు తెలుస్తుంది, బారతో విసురు తెలుస్తుంది అన్నది ఆమె లెక్క. హాస్టల్ స్టోర్‌రూం గోడకు ఒక మేకు ఉండేది. ఆ మేకుకు ఒక చేతి నడిమి వేలు ఆనించి, గోడకు వీపు ఆనించి, రెండో చెయ్యి చాపి నిలబడాలి. ఆ చేతి వేలు ఎక్కడిదాకా వస్తే అక్కడ పెన్సిల్ గీత. ఎత్తుకు తలుపు చట్రం మీద గీతలు. ఇక బరువు బియ్యం బస్తాలు తూచే కాటా మీద.

ఆ కాటా దగ్గరే మేము ఒక పాపం చేశాం.

మాలో చాలామందిమి 36, 38, మహా అయితే 42 కిలోలు ఉన్నాం. ఒక అమ్మాయి ఎక్కితే ముల్లు 58 దగ్గర ఆగింది. ఎవరన్నారో ఇప్పుడు ఒప్పుకోవడానికి ఎవరమూ సిద్ధంగా లేం, కానీ "బస్తా" అన్న మాట ఆ రోజు మాలోంచే వచ్చింది. మెస్సులో పళ్ళెం పట్టుకుని నిలబడితే బస్తా. బస్సులో సీటు దగ్గర బస్తా. ప్రేయర్ లైన్లో కూడా. ఆ అమ్మాయి అమ్మానాయినలు ఏడాదిలో ఎనిమిది నెలలు పుణె దగ్గర మట్టిపనికి పోయేవాళ్ళు, పాలమూరులో మా అందరి ఇళ్ళకూ తెలిసిన వలసే అది. సెలవులకు కూడా తను హాస్టల్లోనే ఉండేది. మేము నవ్వుతుంటే తనూ నవ్వేది. అందుకే తప్పుగా అనిపించలేదు.

గోడ మీద గీతలు చూసి మేడం చెప్పింది మాత్రం మేము వినిపించుకోలేదు. ఆ అమ్మాయి ఎత్తు 150 సెంటీమీటర్లే. కానీ బార ఎత్తు కన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ వచ్చింది. జాన మా అందరి కన్నా పెద్దది. సాధారణంగా మనిషి బార మనిషి ఎత్తుకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. బార ఎక్కువున్న మనిషి విసిరితే, తాడు పొడుగున్న వడిసెల తిప్పినట్టు. తిప్పే వేగం ఒకటే అయినా తాడు పొడుగైతే రాయి వేగంగా పోతుంది. కాకపోతే ఆ పొడుగు తాడును తిప్పే సత్తువ ఉండాలి.

వడిసెల మాట ఎందుకొచ్చిందంటే, మాలో ఒకామెది జొన్నచేను మంచె మీద పిట్టలు తోలిన చెయ్యి. సన్నగా, గాలికి పోయేటట్టు ఉండేది, 37 కిలోలు. మొదటి నెలలో మా అందరి కన్నా గురి, వేగం ఆమెదే. రాయిని ఎప్పుడు వదలాలో ఆమె మణికట్టుకు చిన్నప్పుడే తెలుసు. మేమంతా మోచెయ్యి బిగబట్టి, భుజంతో బంతిని నెడుతుంటే, ఆమె విసిరేది. విసరడం వేరు, నెట్టడం వేరని మాకు తెలిసింది ఆమెను చూసే.

మేడం ఒక పరీక్ష పెట్టారు, ఇప్పటి చెల్లెళ్ళు కూడా పెట్టుకోవచ్చు. ముందు నేల మీద కాళ్ళు చాపి కూర్చుని విసరాలి. తర్వాత నిలబడి. తర్వాత మూడు అడుగులు పరుగెత్తి. బంతి పడ్డచోట మూడుసార్లూ సున్నం గీత. కూర్చుని విసిరితే మా గీతలన్నీ ఒకే చోట గుంపుగా పడ్డాయి. నిలబడి విసిరితే కొంచెం విడిపోయాయి. పరుగెత్తి విసిరితే కొందరి బంతి వేపచెట్టు దాటిపోయింది, కొందరిది నిలబడి విసిరిన దానికన్నా వెనకే పడింది. పరుగు ఒక దిక్కు, చెయ్యి ఒక దిక్కు పోయిందన్నమాట. చెట్టు దాటించిన వాళ్ళలో ఆ 58 కిలోల అమ్మాయి గీత అందరికన్నా ముందుంది. ఆ రోజు మేము చప్పట్లు కొట్టలేదు. గాలి అటువైపు ఉందన్నాం.

చర్నాకోల కొట్టినప్పుడు ముందు పిడి కదులుతుంది, తర్వాత తాడు, చివర్లో కొన చప్పుడు చేస్తుంది. త్రో కూడా అంతే. కుడిచేత్తో విసిరేవాళ్ళు ఎడమ కాలు ముందర గట్టిగా పాతాలి. అది ఆగితేనే నడుము తిరుగుతుంది. నడుము వెనక రొమ్ము తిరుగుతుంది, దాని వెనక భుజం, మోచెయ్యి, చివరికి మణికట్టు. ఒకదాని వేగం ఇంకొకటి అందుకోవాలి. అన్నీ ఒకేసారి కదిలితే బంతి నిదానంగా పోతుంది. గాలిలోకి ఎగిరి విసిరే జంప్ త్రోలో కాలు పాతడానికి నేల ఉండదు కాబట్టి, ఎగరబోయే ముందు అడుగులోనే ఆ పనంతా అయిపోవాలి. మాకు అది రావడానికి ఏడాది పట్టింది. ఇద్దరికి చివరిదాకా రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే కొంచెం సిగ్గుపడే సంగతి రాయాలి. మేము అందరం వంగి నడిచేవాళ్ళం. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఒళ్ళు మారుతున్నప్పుడు, రోడ్డు మీద మగపిల్లల ముందునుంచి బడికి పోవాలి కాబట్టి, రెండు భుజాలూ ముందుకు ముడుచుకుని, పుస్తకాలు రొమ్ముకు అదుముకుని నడవడం అలవాటైంది. లోపలికి సరైన బట్టలు కొనుక్కునే డబ్బులు కాస్మెటిక్ ఛార్జీల్లో మిగిలేవి కావు. మైదానంలో కూడా చున్నీని అడ్డంగా కట్టుకుని ఆడేవాళ్ళం. చదువుతున్నవాళ్ళు ఇప్పుడే చేసి చూడండి: భుజాలు ముందుకు ముడిచి, వీపు గూనిగా పెట్టి, చెయ్యి నెత్తిమీదికి ఎత్తండి. సగంలోనే పట్టేస్తుంది. వీపు నిటారుగా పెట్టి ఎత్తండి, చెవి దాటి వెనక్కి పోతుంది. చెయ్యి వెనక్కి పోనిదే త్రో లేదు.

మేడం రోజూ పొద్దున పది నిమిషాలు మమ్మల్ని గోడకు ఆనించి నిలబెట్టేవారు. మడమలు, వీపు, తల వెనక భాగం గోడకు తగలాలి. ఆ పది నిమిషాలు మాకు పరుగు కన్నా కష్టంగా ఉండేవి. కాంపౌండు గోడ అవతల ఎవరైనా సైకిల్ మీద పోతే చాలు, ఎనిమిది జతల భుజాలు ఒక్కసారిగా ముందుకు వచ్చేవి. మేడం తిట్టేవారు కాదు. "మళ్ళ మొదలు" అనేవారు అంతే. కొన్నాళ్ళకు తన డబ్బులతోనే అనుకుంటాం, మాకు మందపాటి బనీను చొక్కాలు కుట్టించారు. ఆ చొక్కాలు వచ్చిన నెలలో మా త్రోలు పెరిగినంత ఇంకెప్పుడూ పెరగలేదు.

ఆ తొమ్మిదో తరగతి చలికాలంలో, పొద్దున పరుగులో ఆ అమ్మాయి వేపచెట్టు కింద కళ్ళు తిరిగి పడిపోయింది. నీళ్ళు చల్లి లేపాక, రాత్రి అన్నం తినలేదని తెలిసింది. అంతకు ముందు రాత్రి కూడా తినలేదు. ఇరవై రోజులుగా రాత్రిపూట పళ్ళెం కడిగి పెట్టేసి, తిన్నానని చెబుతోంది. సన్నబడాలని. మేము పక్క మంచాల మీదే పడుకున్నాం, మాకు తెలియలేదు.

ఆసుపత్రిలో రక్తం చూస్తే 8 ఉందన్నారు. లావుగా ఉన్నవాళ్ళకు రక్తం దండిగా ఉంటుందని మేము అనుకునేవాళ్ళం. నర్సమ్మ మా అందరికీ చూసింది. 12 ఉండాల్సిన చోట మాలో ఒక్కరికి మాత్రమే 12 దాటింది. ఇది మా ఒక్క హాస్టల్ కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే కండకు గాలి అందదు. మొదటి పది త్రోలు బాగానే పోతాయి, ఆట రెండో సగంలో చెయ్యి లేవదు. మేము రెండో సగంలోనే ఎందుకు ఓడిపోతున్నామో అప్పుడు అర్థమైంది.

ఎర్ర మాత్రలు మింగాం. వారానికి రెండు గుడ్లు వచ్చేవి. మేడం ఇంటినుంచి వేయించిన పల్లీలు, బెల్లం తెచ్చి ప్రాక్టీసు తర్వాత తలా పిడికెడు పెట్టేవారు. ఆ రోజు నుంచి రాత్రి ఆ అమ్మాయి పళ్ళెం ఖాళీ అయ్యేదాకా మేము లేచేవాళ్ళం కాదు. బస్తా అన్న మాట ఆగిపోయింది. క్షమించమని మాత్రం ఎవరమూ అడగలేదు. ఆ వయసులో అట్లా అడగడం ఎట్లాగో మాకు రాదు.

మేడం మాకు ఎప్పుడూ ఒళ్ళుతో పని లేదని చెప్పలేదు. ఈ సంగతి తప్పకుండా రాయాలి. నేర్పు సమానంగా ఉన్న ఇద్దరిలో పొడుగు, కండ ఉన్న అమ్మాయి బంతే వేగంగా పోతుంది. యూరప్ పెద్ద జట్లలో వెనక నుంచి విసిరే స్థానాల్లో 180 సెంటీమీటర్ల ఆడవాళ్ళు మామూలే. పై స్థాయిలో ఆడవాళ్ళు పరుగెత్తి విసిరే త్రో గంటకు 80 కిలోమీటర్లు దాటుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో విసిరితే 7 మీటర్ల పెనాల్టీ గీత నుంచి గోల్‌కు బంతి 0.42 సెకన్లలో చేరుతుంది, 80తో విసిరితే 0.32లో. ఆ సెకనులో పదోవంతు తేడాలోనే గోలీ చెయ్యి లేస్తుందో లేవదో తేలిపోతుంది. స్టాప్‌వాచీకి కూడా అందని తేడా అది, అందుకే మేడం వేగాన్ని కాక దూరాన్ని కొలిచేవారు.

కానీ అదే నోటితో కొరియా సంగతి కూడా చెప్పేవారు. ఆడవాళ్ళ హ్యాండ్‌బాల్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదలైంది. మొదటి రెండుసార్లూ సోవియట్ యూనియన్ గెలిచింది. 1988 సియోల్‌లో, 1992 బార్సిలోనాలో దక్షిణ కొరియా బంగారు పతకం తెచ్చుకుంది. తమకన్నా పొడుగైన యూరప్ వాళ్ళ మీద పరుగుతో, పాసుతో, అవతలివాళ్ళు కాళ్ళు పాతుకోక ముందే విసిరే అలవాటుతో గెలిచారు. మేము పదో తరగతిలో ఉండగా, 2004 ఏథెన్స్ ఫైనల్లో అదే కొరియా డెన్మార్క్‌తో రెండుసార్లు అదనపు సమయం ఆడి, చివరికి పెనాల్టీ త్రోలలో ఓడింది. మేడం ఆ సంగతి ప్రేయర్‌లో చెప్పారు. మాకు ఆ దేశం ఎక్కడుందో తెలియదు గానీ, మా ఇంట్లో వాళ్ళు ఓడినంత బాధపడ్డాం.

ఆ ఏడే సెలక్షన్స్. ఎక్కడివి, ఎవరు చేశారు అన్నది వద్దు. ఎనిమిదిమందిమి ఆర్టీసీ బస్సెక్కి పోయాం. అక్కడ ఒక స్తంభానికి రంగుతో గీత గీసి ఉంది. ఒక్కొక్కరినీ దాని పక్కన నిలబెట్టారు. గీత కన్నా కిందున్నవాళ్ళను పక్కకు పొమ్మన్నారు. వడిసెల చెయ్యి ఉన్నామె పోయింది, 58 కిలోల ఆమె పోయింది. వాళ్ళ చేతికి బంతి ఇవ్వలేదు. "సార్, ఒక్క త్రో చూడండి సార్" అని మేడం అడిగారు. "పొడుగు పిల్లలు కావాలె మేడం, చూసి ఏం చేస్తం" అన్నారు. గీత దాటినవాళ్ళం ఇద్దరం. మేము ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే మమ్మల్నీ పక్కకు పొమ్మంటారేమోనని భయం. ఆ స్తంభం మీద బార కొలిచే గీత లేదు, జాన కొలిచే గీత లేదు. 6 మీటర్ల గీత దగ్గర ఇద్దరు డిఫెండర్ల మధ్య నిలదొక్కుకుని తిరగాల్సిన పివట్ స్థానానికి పొడుగు కన్నా బరువు అక్కరకొస్తుందని కూడా వాళ్ళకు గుర్తు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీట్లు లేవు. ఆ అమ్మాయి తన పల్లీల పొట్లం మా ఇద్దరి చేతుల్లో పెట్టి, "బంతి జారనియ్యకుండ్రి" అంది. మేము పై పోటీలకు పోయాం, మొదటి రోజే ఓడి వచ్చాం. మా త్రోలు అక్కడి గోలీలకు పాసుల్లాగా ఉన్నాయి.

ఇప్పుడు మాలో ఇద్దరం టీచర్లం, ఒకరు కానిస్టేబులు, మిగతావాళ్ళు ఇళ్ళు, పొలాలు, కూలి, దుకాణాలు చూసుకుంటున్నవాళ్ళు. కానిస్టేబులు పరీక్షలో 4 కిలోల షాట్‌పుట్ వేయాల్సి వచ్చినప్పుడు, మడమ నుంచి మొదలుపెట్టడం మాకు ముందే వచ్చు. ఆ 58 కిలోల ఆమె కూడా దానికి పోవాలనుకుంది. ఆడవాళ్ళకు 152.5 సెంటీమీటర్ల ఎత్తు అడిగారు. అక్కడా రెండున్నర సెంటీమీటర్లు తక్కువే. నర్సింగ్ చదివింది. మండల కేంద్రం ఆసుపత్రిలో హాస్టల్ పిల్లలకు రక్తం చూసేది ఇప్పుడు ఆమెనే. ఎవరి రక్తం ఎంతుందో, ఎవరు రాత్రి పళ్ళెం కడిగి పెట్టేస్తున్నారో ఆమెకు ముఖం చూస్తే తెలుస్తుంది.

2022 మార్చిలో అల్మాటీలో మన దేశం అమ్మాయిలు ఆసియా జూనియర్ హ్యాండ్‌బాల్ టైటిల్ గెలిచినప్పుడు మాకు ఆ వార్త మొదట పంపింది ఆమెనే. కింద ఒక్క మాటే రాసింది: "వీళ్ళ జానలు చూడాలనుంది."

పోయిన వార్షికోత్సవానికి మేము ఆరుగురం వచ్చాం. స్టోర్‌రూం గోడకు ఎన్నిసార్లు సున్నం వేశారో, పెన్సిల్ గీతలు ఒక్కటి కూడా లేవు. మేకు మాత్రం ఉంది, తుప్పు పట్టి, తల సున్నంలో మునిగి. గోరుతో గీకి బయటికి తీశాం. చెల్లెళ్ళు ఏంటక్కా ఏంటక్కా అని మూగారు. అందరికన్నా వెనక ఒక అమ్మాయి, కాస్త బొద్దుగా, చున్నీని రెండు చేతులతో ముందుకు లాక్కుని నిలబడి ఉంది. మా నర్సమ్మ ఆ పిల్లను చూసి, "ఇటు రా బిడ్డా. ఈ మేకుకు వేలు ఆనించు" అంది. పిల్ల వచ్చింది. చున్నీ వదిలి, వీపు గోడకు ఆనించి, రెండో చెయ్యి చాపింది. గీత పెట్టడానికి మా దగ్గర పెన్సిల్ లేదు. ఎవరో క్లాసులోకి సుద్దముక్క కోసం పరుగెత్తారు. "చెయ్యి దించకు, వస్తున్నరు" అంది నర్సమ్మ.